కరెంటు ఛార్జీల పెంపుపై ఈఆర్‌సీకి అభ్యంతరం ఎలా రాయాలి?

కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు వచ్చే ఏడాదికి ఇన్ని వేల కోట్లు కావాలంటూ, ఛార్జీలు తేల్చే విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్‌సీ) ముందు లెక్కలు పెట్టాయని పేపర్లో వార్త పడుతుంది. ఆ వెంటనే అందరూ అడిగేది ఒకటే: పెంచేస్తారా, మనం ఏమైనా చేయగలమా, లాయరును పెట్టుకోవాలా?

లాయరు అక్కర్లేదు, ఫీజూ లేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసి సంతకం పెట్టి పంపవచ్చు. ప్రజల నుంచి వచ్చిన అభ్యంతరాలను, సూచనలను పరిశీలించాకే టారిఫ్ (ఛార్జీల) ఉత్తర్వు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ చెబుతోంది. అయితే పంపినవన్నీ పనిచేయవు. "సామాన్యుడి నడ్డి విరుస్తున్నారు" అని రాస్తే డిస్కం ఒక్క వాక్యం జవాబిచ్చి చేతులు దులుపుకుంటుంది. "మీ ఫైలింగ్‌లో ఫలానా పేజీ, ఫలానా పట్టికలో ఈ అంకె ఎందుకు పెరిగింది?" అని అడిగితే మాత్రం అంకెతోనే జవాబు చెప్పాలి. ఆ రెండో రకం ఉత్తరం ఎలా రాయాలో ఇక్కడ చెబుతాను.

ముందు ఇది చూసుకోండి: మీ సమస్య ఇక్కడిదేనా?

మీ బిల్లు ఒక్కటే తప్పుగా వచ్చింది, మీటరు గిర్రున తిరుగుతోంది, పేరు మార్చడం లేదు... ఇలాంటివి టారిఫ్ విచారణలో చెప్పినా లాభం లేదు. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పని కాకపోతే మీ డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి.

ఉచిత యూనిట్లు, సబ్సిడీ ఎంత ఇవ్వాలన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఈఆర్‌సీ ఖర్చును లెక్కగట్టి టారిఫ్ తేలుస్తుంది. అంతకంటే తక్కువకు ఇవ్వాలనుకుంటే ఆ తేడాను 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ముందుగానే చెల్లించాలి. బిల్లులో కనిపించే విద్యుత్ సుంకం కూడా రాష్ట్ర ప్రభుత్వానిదే, దాని మీద ఈఆర్‌సీకి రాసి ఉపయోగం లేదు.

ఛార్జీల పెంపు, స్లాబులు, కేటగిరీల మార్పు, ఫిక్స్‌డ్ ఛార్జీలు, డిస్కం ఖర్చులు, నష్టాలు, ట్రూ-అప్ (పాత అదనపు ఖర్చును తర్వాత వసూలు చేయడం), సేవల నాణ్యత: ఇవన్నీ ఇక్కడికి వస్తాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పబ్లిక్ నోటీసు. పేపర్లలోనూ, డిస్కం, ఈఆర్‌సీ వెబ్‌సైట్లలోనూ ఉంటుంది.
- డిస్కం ఈ ఏడాది వేసిన ఏఆర్ఆర్, అంటే ఏడాదికి ఎంత ఆదాయం కావాలో చెప్పే లెక్క. ఫైలింగ్ అంటే ఇదే. వెబ్‌సైట్లో పీడీఎఫ్ ఉంటుంది. సర్కిల్ సూపరింటెండింగ్ ఇంజినీర్ (ఎస్ఈ) ఆఫీసులో కాగితాల మీదే చూడవచ్చు.
- ఈఆర్‌సీ ఇచ్చిన గత ఏడాది టారిఫ్ ఉత్తర్వు. చాలామంది వదిలేసేది దీన్నే, అసలు బలం ఉన్నదీ ఇందులోనే.
- మీ కరెంటు బిల్లులు, వీలైతే ఏడాదివి.
- కాలిక్యులేటర్, స్పీడ్ పోస్టు ఖర్చు.

1. నోటీసులో నాలుగు విషయాలు గుర్తు పెట్టుకోండి

ఏప్రిల్ 1 నుంచి కొత్త టారిఫ్ అమల్లోకి రావాలంటే మామూలుగా నవంబరు 30లోగా డిస్కం ఫైలింగ్ వేయాలి. గడువు పొడిగించమని అడగడం, ఆలస్యంగా వేయడం కొత్తేమీ కాదు కాబట్టి నెలను నమ్ముకోకండి, నోటీసునే చూడండి. ఏ డిస్కం, ఏ పిటిషన్ నంబరు, అభ్యంతరాలకు చివరి తేదీ ఏది, విచారణ ఎక్కడ ఎప్పుడు: ఈ నాలుగూ రాసుకోండి.

జాగ్రత్త: చివరి తేదీ అంటే మీ ఉత్తరం వాళ్లకు చేరాల్సిన తేదీ. ఆ రోజు పోస్టు చేస్తే ఆలస్యమైనట్టే.

మరో జాగ్రత్త: మీ డిస్కం ఏదో బిల్లు చూసి నిర్ధారించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ కేంద్రంగా ఈపీడీసీఎల్, విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్, తిరుపతి కేంద్రంగా ఎస్పీడీసీఎల్ ఉన్నాయి. సీపీడీసీఎల్ 2020లో ఎస్పీడీసీఎల్ నుంచి విడిపోయి వచ్చింది కాబట్టి పాత అలవాటు కొద్దీ తిరుపతికి రాయకండి. తెలంగాణలో దక్షిణ డిస్కం హైదరాబాద్ నుంచి, ఉత్తర డిస్కం హన్మకొండ నుంచి పనిచేస్తాయి. ఈఆర్‌సీ చిరునామా కూడా పాత ఉత్తరంలోంచి దించుకోవద్దు. ఏపీఈఆర్‌సీ ఆఫీసు 2023లో హైదరాబాద్ నుంచి కర్నూలుకు మారింది. నోటీసులో ఏది ఉంటే అదే రాయండి.

2. ఫైలింగ్ మొత్తం చదవకండి

వందల పేజీలుంటుంది, మొదటి పేజీ నుంచి చదవాలనుకుంటే రెండో రోజుకే విసుగొస్తుంది. నాలుగు చోట్లు చూస్తే చాలు.

మొదటిది, మొత్తం లెక్క చూపే సారాంశ పట్టిక. కరెంటు కొనుగోలు, ట్రాన్స్‌మిషన్, పంపిణీ ఖర్చులు కలిపి ఎంత కావాలి, ఇప్పటి ఛార్జీలతో ఎంత వస్తుంది, లోటు ఎంత అని అందులో ఉంటుంది. అన్నింటికన్నా పెద్ద అంకె కరెంటు కొనుగోలుదే. చాలామంది ఉద్యోగుల జీతాల మీద విరుచుకుపడతారు గానీ, డబ్బు ఎక్కువగా పోయేది కొనుగోళ్లలోనే.

రెండోది, కొనుగోలు పట్టిక. ఏ ప్లాంటు నుంచి ఎన్ని యూనిట్లు, ఎంతకు కొంటారో ఉంటుంది. మూడోది, అమ్మకాలు, నష్టాల పట్టిక. నాలుగోది, ఇప్పటి టారిఫ్‌ను, అడుగుతున్న టారిఫ్‌ను పక్కపక్కన చూపే పట్టిక.

ఐదోది కూడా ఒకటుంది, ఓపిక ఉంటే చూడండి. గత ఉత్తర్వులో ఈఆర్‌సీ ఇచ్చిన ఆదేశాలను ఎంతవరకు అమలు చేశారో డిస్కం చెప్పుకునే అధ్యాయం అది. నిరుడు "పురోగతిలో ఉంది" అన్న పని ఈ ఏడాదీ "పురోగతిలో ఉంది" అనే కనిపిస్తే, శ్రమ పడకుండానే మీకో అభ్యంతరం దొరికినట్టు.

3. కోట్లను యూనిట్ ధరగా మార్చండి

ఫైలింగ్‌లో డబ్బు కోట్లలో, కరెంటు మిలియన్ యూనిట్లలో ఉంటాయి. మిలియన్ అంటే 10 లక్షలు. అందుకే సూత్రం ఇది: కోట్లను మిలియన్ యూనిట్లతో భాగించి, 10తో గుణిస్తే యూనిట్‌కు ఎన్ని రూపాయలో వస్తుంది.

ఉదాహరణకు 1,000 మిలియన్ యూనిట్లకు 450 కోట్లు చూపారనుకోండి. 450ని 1,000తో భాగిస్తే 0.45, పదితో గుణిస్తే యూనిట్ 4.50 రూపాయలు.

తరచూ జరిగే తప్పు ఈ పది దగ్గరే. దాన్ని మరిచిపోయి "యూనిట్ 45 పైసలకు కొని మాకు ఆరు రూపాయలకు అమ్ముతారా!" అని రాస్తే, మిగతా ఉత్తరం ఎంత బాగున్నా ఎవరూ పట్టించుకోరు. మీకు వచ్చిన జవాబు మరీ తక్కువగానో మరీ ఎక్కువగానో ఉంటే మళ్లీ వేసి చూడండి.

4. మూడు గడుల పట్టిక గీయండి

ఒక నోట్‌బుక్ పేజీలో మూడు నిలువు గడులు గీసి, ఒక్కో ఖర్చుకూ ఈ మూడు అంకెలు రాయండి: గత ఏడాదికి ఈఆర్‌సీ అనుమతించింది, డిస్కం నిజంగా ఖర్చు పెట్టానని చెబుతున్నది, వచ్చే ఏడాదికి అడుగుతున్నది. మొదటి అంకె పాత టారిఫ్ ఉత్తర్వులో, మిగతా రెండూ కొత్త ఫైలింగ్‌లో దొరుకుతాయి.

ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో అక్కడ గీత గీయండి. అనుమతించినదానికంటే ఎక్కువ ఖర్చయిందని, దాన్నీ వసూలు చేసుకోనివ్వమని అడిగితే అదే ట్రూ-అప్. కొన్నేళ్ల తర్వాత పాత వాడకం మీద బిల్లులో పడే భారం ఇదే కాబట్టి, "ఈ అదనపు ఖర్చుకు ముందస్తు అనుమతి ఉందా?" అని అడగండి. 2021లో ట్రూ-అప్ మీద ఇచ్చిన ఉత్తర్వును ఏపీఈఆర్‌సీ వెనక్కి తీసుకుని మళ్లీ విచారణ జరిపిన సందర్భం ఉంది. ఈ అంశం మీద గట్టిగా నిలబడితే వినేవాళ్లున్నారని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను.

5. నష్టాల లెక్కను అనుమానంతో చూడండి

నా దృష్టిలో ఫైలింగ్ అంతటిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

సూత్రం తేలిక. డిస్కంలోకి వచ్చిన కరెంటులోంచి అమ్మిన కరెంటు తీసేస్తే మిగిలేది నష్టం. 100 యూనిట్లు వచ్చి 90 అమ్మితే నష్టం 10 శాతం. మరి ఆ 90లో మీటరు చూసి చెప్పినవి ఎన్ని, అంచనా వేసి చెప్పినవి ఎన్ని?

మీటర్లు లేని వ్యవసాయ బోర్ల వాడకాన్ని ఎవరూ కొలవరు, అంచనా వేస్తారు. ఎంపిక చేసిన కొన్ని వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, వాటి రీడింగును బట్టి మొత్తం వాడకాన్ని లెక్కగడతారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించింది కాబట్టి దీన్ని ఐఎస్ఐ పద్ధతి అంటారు. ఇప్పుడు పై లెక్కే చూడండి. వ్యవసాయ అంచనాను 2 యూనిట్లు పెంచి రాస్తే అమ్మకాలు 92 అవుతాయి, నష్టం 8 శాతానికి దిగిపోతుంది. ఒక్క తీగ మార్చకుండా, ఒక్క దొంగతనం పట్టుకోకుండా నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది! పైగా ఆ 2 యూనిట్లు సబ్సిడీ లెక్కలోకి ఎక్కుతాయి, ఆ వాడకమంతా రైతు పేరున పడుతుంది.

అందుకని ఈ ప్రశ్నలు వేయండి:

- శాంపిల్‌గా తీసుకున్న ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, వాటిలో సరైన రీడింగ్ వచ్చినవి ఎన్ని?
- మీటరు పాడైన చోట ఏ లెక్క వాడారు?
- బోర్ల సంఖ్య పెరిగిన శాతానికి, వాడకం పెరిగిన శాతానికి పొంతన ఉందా?
- వానలు బాగా పడిన ఏడాది కూడా వాడకం పెరిగిందని చూపారా?

మీరు రైతు అయితే, మీ ఫీడరుకు రోజుకు ఎన్ని గంటలు త్రీఫేజ్ వస్తోందో ఓ పది రోజులు కాగితం మీద రాసి జతచేయండి. అలాంటి ఒక్క కాగితం పేజీల కొద్దీ ఆవేశం కంటే ఎక్కువ పనిచేస్తుంది.

6. సేవల మీద రాస్తే తేదీలతో రాయండి

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో తెచ్చిన పనితీరు ప్రమాణాల ప్రకారం, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలి. "మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వారం దాకా రారు" అన్నది నిజమే కావచ్చు గానీ రుజువు కాదు. ఏ తేదీన కాలింది, ఏ గంటకు ఫిర్యాదు ఇచ్చారు, ఫిర్యాదు నంబరు ఎంత, ఎప్పుడు మార్చారు, ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకెళ్లి తెచ్చిన ట్రాక్టరు కిరాయి ఎవరు పెట్టుకున్నారు... ఇవి రాయండి. ఆ కిరాయి రైతులు చందాలు వేసుకుని పెట్టుకున్నట్టయితే, ఆ మాట రికార్డులోకి ఎక్కించడానికి విచారణ మంచి చోటు. లైన్‌మన్ పేరు మాత్రం రాయకండి. అడుగుతున్నది సంస్థను, అతన్ని కాదు.

7. ఉత్తరం రాయండి

నోటీసులో ఒక ఫార్మాట్ ఉంటుంది. మీ పేరు, పూర్తి చిరునామా. అభ్యంతరం లేదా సూచన. డిస్కంకు ఇచ్చిన ప్రతికి రసీదు జతచేశారా. విచారణలో స్వయంగా మాట్లాడతారా. ఈ చివరి గడిలో "అవును" అని రాయండి. వెళ్లడం కుదరకపోయినా నష్టం లేదు.

ప్రతి అభ్యంతరంలో మూడు ఉండాలి: అంకె ఎక్కడుంది, దాంతో ఇబ్బంది ఏమిటి, మీరు కోరేది ఏమిటి. నిజంగా వచ్చిన ప్రతిపాదన మీదే నమూనా చూడండి. 2024లో తెలంగాణ డిస్కంలు నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలని అడిగాయి. దానికి ఇలా రాయవచ్చు:

"రిటైల్ సప్లై ఫైలింగ్, పేజీ ..., పట్టిక ... చూడండి. 3 కిలోవాట్ల లోడ్ ఉన్న ఇంటికి ఫిక్స్‌డ్ ఛార్జీ నెలకు 30 రూపాయల నుంచి 150 అవుతుంది. ఏడాది పొడవునా 300 యూనిట్లు దాటే ఇంటికి 1,440 రూపాయల అదనపు భారం. ఎండాకాలంలో మాత్రమే దాటే ఇళ్లెన్ని, ఏడాదంతా దాటేవి ఎన్ని, ఈ పెంపుతో వచ్చే ఆదాయం ఎంత అన్నది విడివిడిగా తెలపాలి. ప్రతిపాదనను తిరస్కరించాలని, కుదరకపోతే ఇంకా ఎక్కువ వాడే స్లాబుకే పరిమితం చేయాలని కోరుతున్నాను."

"కుదరకపోతే" అన్న ముక్క ముఖ్యం. పూర్తిగా కొట్టేయడం సాధ్యం కానప్పుడు ఈఆర్‌సీ మధ్యేమార్గం వెతుకుతుంది, అదేదో మీరే చూపించండి. ఆ ఏడాది అక్టోబరు చివర్లో వచ్చిన ఉత్తర్వులో టీజీఈఆర్‌సీ ఆ పెంపును 800 యూనిట్లు దాటినవారికే పరిమితం చేసింది.

రెండు మూడు అభ్యంతరాలు చాలు. పదిహేను రాస్తే బలమైనవి కూడా బలహీనమైన వాటి మధ్య కొట్టుకుపోతాయి. వాట్సాప్‌లో తిరిగే ఒకే ఉత్తరం మీద ఊరంతా సంతకాలు పెట్టి పంపినా, అందరికీ కలిపి ఒకటే జవాబు వస్తుంది. ఒక్కొక్కరు ఒక్కో అంశం పంచుకుని రాయడం మేలు. సంఘం తరఫున రాస్తుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పండి.

8. ముందు డిస్కంకు, ఆ తర్వాత ఈఆర్‌సీకి

అన్నింటికన్నా ఎక్కువ మంది చేసే పొరపాటు ఇక్కడే. ఉత్తరం నేరుగా ఈఆర్‌సీకి పంపేసి ఊరుకుంటారు. నిజానికి అది నోటీసులో చెప్పిన డిస్కం అధికారికి వెళ్లాలి, ప్రతిని, డిస్కంకు అందిన రుజువును ఈఆర్‌సీ కార్యదర్శికి పంపాలి. స్వయంగా ఇస్తే మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, పోస్టులో పంపితే స్పీడ్ పోస్టు రసీదు దాచండి. ఈమెయిల్ అనుమతిస్తామని నోటీసులో ఉంటేనే ఈమెయిల్ చేయండి. అప్పుడు కూడా సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి జతచేయాలి.

డిస్కం మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. విచారణ లోపు అది రాకపోతే, వేదిక మీద మీ మొదటి మాట అదే కావాలి.

9. విచారణ రోజు

పొద్దున్నే వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. ముందు డిస్కం తన లెక్కలు చెబుతుంది, తర్వాత పేర్లు పిలుస్తారు. పార్టీల నాయకులు మైకు పట్టుకుంటే తొందరగా వదలరు. దూరం ఊళ్ల నుంచి వచ్చిన రైతులు మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సి వస్తుంది, ఈ పద్ధతి మారాలి. బస్సు టైము ఉంటే ముందే సిబ్బందికి చెప్పి పేరు పైకి పెట్టించుకోండి. ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలుంటే నోటీసులోనే ఉంటుంది.

మీకు దొరికేది కొద్ది నిమిషాలే. ఉత్తరాన్ని చదవకండి, అది వాళ్ల దగ్గర ఉంది. డిస్కం ఇచ్చిన జవాబులో ఏది తప్పించుకుందో అది చెప్పండి: "నేను శాంపిల్ ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్నని అడిగాను. పద్ధతి ఏమిటో వివరించారు, సంఖ్య చెప్పలేదు." ఇలా రెండు ముక్కల్లో అంటే ఛైర్మన్ డిస్కం వైపు తిరిగే అవకాశం ఎక్కువ. తెలుగులో నిక్షేపంగా మాట్లాడవచ్చు, టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

10. ఫలితం ఎలా చూసుకోవాలి?

ఉత్తర్వు వచ్చాక పేపర్లో హెడ్డింగ్ చదివి ఆగిపోకండి. పీడీఎఫ్ తెరిచి మూడు చూడండి.

అభ్యంతరాలు ఇచ్చినవారి జాబితా ఉత్తర్వు చివర ఉంటుంది, అందులో మీ పేరు ఉందా? లేకపోతే దాచిన రసీదుతో ఈఆర్‌సీ కార్యదర్శికి రాయండి. తర్వాత, అభ్యంతరం, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం వరుసగా ఉండే అధ్యాయంలో మీ అంశం వెతకండి. "డిస్కం వివరణ సంతృప్తికరం" అని ఉంటే అంతటితో అయిపోయినట్టే, "డిస్కంను ఆదేశించడమైనది" అని ఉంటే అది వచ్చే ఏడాది మీ మొదటి ప్రశ్న. చివరగా, మీరు అడిగిన అంకె దగ్గర డిస్కం కోరింది ఎంత, కమిషన్ ఇచ్చింది ఎంత అని మీ మూడు గడుల పట్టికలో నాలుగో గడిగా రాసుకోండి.

కొత్త టారిఫ్ మొదటి బిల్లు రాగానే ఫిక్స్‌డ్ ఛార్జీ, స్లాబు రేట్లు ఉత్తర్వుతో సరిపోల్చండి. తేడా ఉంటే అది బిల్లు ఫిర్యాదు, పైన చెప్పిన 1912 దారి పట్టండి.

ఉత్తర్వే తప్పనిపిస్తే ఈఆర్‌సీలోనే రివ్యూ అడగవచ్చు, లేదా 111వ సెక్షన్ కింద 45 రోజుల్లోగా ఢిల్లీలోని విద్యుత్ అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ మాత్రం ఫీజు, లాయరు, ప్రయాణం తప్పవు. ఒక్కరుగా కాక సంఘంగా వెళ్తేనే గిట్టుబాటు.

ఇదే పద్ధతి ఇంకెక్కడ?

శంషాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో టికెట్‌తో పాటు కట్టే యూజర్ ఫీజును ఏరా అనే నియంత్రణ సంస్థ తేలుస్తుంది. ముందు సంప్రదింపుల పత్రం విడుదల చేసి అభిప్రాయాలు అడుగుతుంది. ఫోన్ విషయాల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా అంతే. మొదట అభిప్రాయాలు, తర్వాత ఇతరుల అభిప్రాయాలపై ప్రతిస్పందనలు, ఆపైన బహిరంగ చర్చ. ఇవి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి, విమానాశ్రయం పత్రాలైతే కరెంటు ఫైలింగ్ కంటే దట్టంగా ఉంటాయి. అయినా పేజీ నంబరు, లెక్క, కోరిక అన్న మూడు ముక్కలూ అక్కడా పనికొస్తాయి. వంటింటికి పైపులో వచ్చే గ్యాస్ ధర మీద మాత్రం పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డుకు (పీఎన్‌జీఆర్‌బీ) రాసి లాభం లేదు. అది పైపులైన్ రవాణా టారిఫ్‌లు తేలుస్తుంది గానీ, మీ బిల్లులోని గ్యాస్ ధరను కాదు.